బండి టైర్లు కూడా ఇంటి ఖర్చే

మా ఆలూరులో వాన గురించి జాగ్రత్తలు చెబితే నవ్వుతారు. జూన్‌లో విత్తనం వేసి, మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం వైపు చూసే ఊర్లు మావి. ఆదోని పోయినా, ఎమ్మిగనూరు పోయినా నలుగురు కూర్చుంటే మాట్లాడేది వాన రాలేదనే. చాలా ఇళ్ళల్లో సరైన గొడుగు కూడా ఉండదు. అలాంటి చోట లారీకి వానలో పట్టు ఉండే టైర్లు వేయించాలి అంటే ఎవరు వింటారు?

నేను కూడా వినలేదు. ఈ రోజు ఆ సంగతే రాస్తున్నాను. వంటలు, పిల్లల చదువులు, ఇంటి ముచ్చట్లు రాసుకునే చోట టైర్ల గొడవ ఏమిటి అనుకోకండి. చివరిదాకా చదివితే ఇదీ ఇంటి ముచ్చటేనని మీరే అంటారు.

మాకున్నది ఒక్క లారీ. ఆరు టైర్ల బండి. మా ఆయన, మా మరిది మార్చి మార్చి నడుపుతారు. ఆదోని మిల్లుల నుంచి పత్తి బేళ్ళు గుంటూరు వైపు, సీజన్‌లో ఉల్లిగడ్డలు తాడేపల్లిగూడెం మార్కెట్టుకు. రెండు కుటుంబాల తిండి, పిల్లల ఫీజులు, మా అత్తగారి మందులు అన్నీ ఆ ఆరు టైర్ల మీదే నడుస్తాయి. ఈ మాట ఎన్నోసార్లు నోటితో అన్నాను. దాని అర్థం మాత్రం రెండేళ్ళ కిందట తెలిసింది.

ఆ ఏడు శ్రావణంలో మా పెద్దమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేశాం. అంతకు నెల ముందు నా పేరు మీద చీటీ వచ్చింది. మా ఆయన, "బండికి టైర్లు అరిగిపోయినాయి. ఈ డబ్బుతో ముందు రెండన్నా కొత్తవి వేసుకుంటే వానాకాలం నిమ్మళంగా ఉంటాది" అన్నాడు. కొత్త రేడియల్ టైరు ఒక్కొక్కటి ఇరవై వేలకు పైమాటే. నాకు గుండెలో రాయి పడినట్టయింది. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ ఇచ్చేశాను. బంధువులందరికీ చెప్పేశాను.

"ఈ సీమలో వాన యాడ పడి చచ్చింది? నెలకు నాలుగు రోజులు కూడా పడదు. రీబటన్ వేయించుకోండి, అందరూ వేయించుకోవడం లేదా" అన్నాను. ఆయన రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, చివరికి ముందుకు రెండు పాత టైర్లు తెచ్చి వేశాడు. వెనక నాలుగూ ఉన్నవే ఉంచాడు. ఫంక్షన్ బాగా జరిగింది. భోజనాల్లో మూడు రకాల స్వీట్లు పెట్టామని అందరూ మెచ్చుకున్నారు.

అక్టోబరులో మా మరిది గుంటూరులో బేళ్ళు దించి, తిరుగు లోడు దొరక్క ఖాళీ బండితో బయలుదేరాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేసరికి వాన మొదలైంది. నంద్యాల వైపు దిగేటప్పుడు ఒక మలుపులో బండి జారి, రోడ్డు పక్క గట్టును కొట్టుకుంది. క్లీనరు పిల్లవాడికి దెబ్బలతో పోయింది. మా మరిదికి కుడికాలు రెండు చోట్ల విరిగింది. నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చారని అర్ధరాత్రి ఫోన్ వచ్చింది.

పొద్దున్నే మేం పోయేసరికి మా మరిది ఒకటే మాట అంటున్నాడు. "నేను స్పీడు పోల్యా వదినా. స్టీరింగ్ తిప్పినా, బండి తిరగల్యా."

మా తోడికోడలు ఆ రాత్రి చేతికి ఏది దొరికితే అది కట్టుకొని బయలుదేరినట్టుంది. నేను ఫంక్షన్‌కు పెట్టిన చీరే ఆమె ఒంటి మీద ఉంది. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. ఇప్పటికీ అనలేదు. కానీ ఆ చీర చూసినప్పుడల్లా చీటీ డబ్బు ఎక్కడికి పోయిందో నాకు గుర్తొస్తుంది. ఆపరేషన్‌కు, బండి రిపేరుకు, మూడు నెలలు బండి నిలిచిపోయినందుకు పోయిన డబ్బుతో ఆరు కొత్త టైర్లు రెండుసార్లు వేయించి ఉండవచ్చు.

తప్పంతా టైర్లదే అని నేను తేల్చి చెప్పలేను. మలుపు, వాన, చీకటి, అన్నీ కలిశాయి. కానీ బండి జారినప్పుడు నిలబెట్టగలిగింది టైరు ఒక్కటే. దాన్ని బేరమాడింది నేను. అప్పటి నుంచి టైర్ల గురించి తెలిసినవాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టాను. ఆదోనిలో ఒక టైర్ల షాపు పెద్దాయన మొదట నవ్వాడు గానీ, తర్వాత ఓపిగ్గా చెప్పాడు. తర్వాత నేను చదివి కూడా తెలుసుకున్నాను.

మన ఇళ్ళల్లో బేతంచెర్ల బండలు పరిచి ఉంటాయి కదా. వాటి మీద నీళ్ళు ఒలికినప్పుడు అరిగిపోయిన హవాయి చెప్పులతో నడిచి చూడండి. కొత్త చెప్పు నిలబడుతుంది, అరిగింది జారుతుంది. టైరు సంగతీ అదే. రోడ్డు మీద నీళ్ళు ఉన్నప్పుడు టైరు మొదటి పని ఆ నీళ్ళను పక్కకు నెట్టి, రబ్బరును తారుకు తాకించడం. టైరు మీద గాడులు ఉన్నది అందుకే. మన తుంగభద్ర దిగువ కాలువలో పూడిక పడితే నీళ్ళు సాగవు చూడండి, అలాగే గాడి లోతు తగ్గిన టైరులో నీళ్ళు పోవడానికి దారి ఉండదు. నీళ్ళ పొర రబ్బరుకూ రోడ్డుకూ మధ్యలో నిలిచిపోతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా బండి వినదు. పొడి రోడ్డు మీద గుండు టైరు కూడా బాగానే పోతుంది. అందుకే మనం మోసపోతాం. ఎనిమిది నెలలు ఎండలో ఏ తేడా కనిపించదు, మొదటి వానకు తెలుస్తుంది.

ఖాళీ బండి కదా, తేలిగ్గా ఉంటుంది, ప్రమాదం తక్కువ అని నేను అనుకునేదాన్ని. అది తప్పట. 1960లలో అమెరికాలోని నాసా సంస్థ తడి రన్‌వేల మీద విమానం టైర్లతో పరీక్షలు చేసింది. టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే నీళ్ళ మీద తేలడానికి అంత ఎక్కువ వేగం కావాలని, గాలి తగ్గితే తక్కువ వేగానికే తేలుతుందని ఆ లెక్కల్లో తేలింది. లారీ టైర్లలో గాలి 100 పౌండ్లకు పైనే ఉంటుంది కాబట్టి, నిండు లోడుతో ఉన్న లారీ మామూలు వేగంలో నీళ్ళ మీద తేలదు. కానీ ఖాళీ లారీ కథ వేరు. బరువు లేనప్పుడు టైరు రోడ్డును ఆనుకునే చోటు పొట్టిగా అయిపోతుంది. నీళ్ళు దాని కిందికి సులువుగా దూరుతాయి. టైర్లు అరిగి ఉంటే హైవే మీద మామూలుగా పోయే వేగానికే తేలవచ్చు. పైగా లారీ బ్రేకులు నిండు లోడును ఆపడానికి చేసినవి. ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి జారతాయి. మా మరిది వచ్చింది ఖాళీ బండిలోనే.

ఇంకొకటి. వాన మొదలైన మొదటి పది పదిహేను నిమిషాలు రోడ్డు ఎక్కువ జారుతుంది. నెలల తరబడి పడిన దుమ్ము, డీజిలు, ఆయిలు మరకలు నీళ్ళతో కలిసి సబ్బు నురగలా అవుతాయి. గట్టిగా కురిస్తే అది కడుక్కుపోతుంది. మా దగ్గర దానికి తోడు నల్లరేగడి. చేలో నుంచి ట్రాక్టరు రోడ్డెక్కితే చక్రాలతో పాటు బురద కూడా ఎక్కుతుంది. ఆ బురద మీద సన్నని తుంపర పడితే నడిచే మనిషే జారి పడతాడు. కరువు సీమలో వాన టైర్లు ఎందుకు అనే ప్రశ్నకు నా జవాబు ఇదే. వాన అరుదుగా పడే చోటే రోడ్డు ఎక్కువ జారుతుంది, డ్రైవర్లకు వాన అలవాటు తక్కువ. అదీగాక మన బండ్లు మన ఊర్లోనే తిరగవు. అక్టోబరు, నవంబరులో కోస్తాలో తుపాన్లు వచ్చే రోజుల్లోనే మన పత్తి లోడ్లు అటు పోతాయి.

మరి ఎలాంటి టైర్లు తీసుకోవాలి? నాకు అర్థమైనది ఇది.

ముందు రెండు టైర్లు బండిని తిప్పేవి. వాటికి చుట్టూ నిలువు గాడులు ఉండే టైర్లు కావాలి. నీళ్ళు ఆ గాడుల్లోంచి సాగిపోతాయి, స్టీరింగ్ మాట వింటుంది. వెనకవి బండిని నెట్టేవి. వాటికి అడ్డంగా పెద్ద బటన్లు ఉండేవి వేస్తారు. బురదలో, మట్టి దారిలో అవి బాగా పట్టుకుంటాయి. కొందరు ఆరూ పెద్ద బటన్లవే వేస్తే వానలో పట్టు ఎక్కువ అనుకుంటారు. చేలో బురదకు అది నిజమే గానీ తడి తారు రోడ్డుకు కాదు. తారు మీద కావాల్సింది నీళ్ళు పోయే దారి, రోడ్డును తాకే రబ్బరు. మా బండి ఉల్లిగడ్డల లోడు కోసం చేల దాకా పోతుంది కాబట్టి వెనక మధ్యలో నిలువు గాడులు, అంచుల్లో బటన్లు కలిసిన రకం తీసుకున్నాం. రేడియల్, నైలాన్ రెండు రకాలూ ఒకే యాక్సిల్ మీద కలపకూడదు. వెనక జంటగా ఉండే రెండు టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది వేస్తే బరువంతా కొత్తదాని మీద పడి, రెండూ పాడవుతాయి.

రీబటన్ టైరు అంటే నాకు ఇప్పుడు కోపం లేదు. గట్టి టైరుకు మంచి చోట చేయిస్తే వెనక చక్రాలకు పనికొస్తుంది, డబ్బు మిగులుతుంది. నా మాట ముందు చక్రాల గురించే. అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు రీబటన్ టైర్లు వేయకూడదని చట్టమే ఉంది. గుండు టైరుకు కత్తితో కొత్త గాడులు కోయించుకోవడం మాత్రం ఏ చక్రానికీ వద్దు. లోపల ఉన్న కొద్దిపాటి రబ్బరు కూడా పోతుంది.

గాడి లోతు ఎంత ఉండాలి? మన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం లారీలకు కనీసం 1.6 మిల్లీమీటర్లు. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని అక్షరాలు గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది. దాని ఎదురుగా గాడి లోపల చిన్న గట్టు కనిపిస్తుంది. పైన రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానం అయితే టైరు పని అయిపోయినట్టే. కానీ అది ఆఖరి హద్దు. అమెరికాలో లారీల ముందు టైర్లకు దీనికి రెట్టింపు, అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు ఉండాలి. నేను మా ఇంట్లో ఆ లెక్కే పెట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం అగ్గిపుల్లను గాడిలోకి నిలబెట్టి, గోటితో గుర్తు పెట్టి, మా చిన్నోడి జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలుస్తాను. మొదటిసారి చేసినప్పుడు వీధిలో వాళ్ళు నిలబడి చూశారు. ఇప్పుడు మా చిన్నోడే కొలిచి నోటు పుస్తకంలో రాస్తున్నాడు.

కొనేటప్పుడు చూడాల్సింది ఇంకోటి ఉంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. షాపులో చాలాకాలం పడి ఉన్న టైరు కొత్తగా మెరిసినా రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. పైగా మన దేశంలో తడి రోడ్డు మీద పట్టుకు ప్రభుత్వం కనీస ప్రమాణం పెట్టింది. 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్లకు, 2023 ఏప్రిల్ నుంచి అప్పటికే ఉన్న డిజైన్లకు అది వర్తించింది. కాబట్టి ఆ తేదీల తర్వాత తయారైన టైరే అడిగి తీసుకోండి. మన సదాశివపేటలోనూ, తిరుపతి జిల్లా చిన్నపండూరులోనూ టైర్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. మంచి సరుకు మనకు దూరంగా ఏమీ లేదు.

ఇక గాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా అందరూ వదిలేసేది ఇదే. మా దగ్గర ఎండాకాలంలో టైరు వేడెక్కి పేలుతుందని కొందరు డ్రైవర్లు గాలి తగ్గిస్తారు. అసలు గాలి తగ్గితేనే టైరు ఎక్కువ నలిగి వేడెక్కుతుంది. తగ్గించిన గాలిని వానాకాలం వచ్చినా మళ్ళీ ఎక్కించరు. పొద్దున బండి కదలక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ఇదంతా చదివి "మంచి టైర్లు వేయించాం, ఇక భయం లేదు" అనుకోకండి. వంక రోడ్డు మీద పారుతుంటే ఏ టైరూ ఆపలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు నీళ్ళ బలం ఏమిటో మనవాళ్ళు కళ్ళారా చూశారు. అలాంటప్పుడు బండి పక్కన పెట్టి కూర్చోవడమే. నిద్ర లేని డ్రైవరును కూడా ఏ టైరూ కాపాడలేదు.

మా ఆయన వాదన కూడా చెప్పాలి. కిరాయిలు పెరగవు, డీజిలు దిగదు, కంతు ఒక రోజు ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు. "టైర్లు మార్చాలని నాకు తెలీదా? డబ్బు యాడ ఉంది?" అంటాడు. నిజమే. ఒక్క లారీ ఉన్న ఇంట్లో లక్ష రూపాయలు ఒకేసారి రావు. కానీ నేను గమనించింది ఒకటుంది. పండగ చీరలకు, ఫంక్షన్లకు, పెళ్ళిళ్ళ చదివింపులకు ఎలాగో సర్దుతాం. ఎందుకంటే అవి ఇంటి ఖర్చు. టైర్లు బండి ఖర్చు, అది మగవాళ్ళు చూసుకోవాలి అనుకుంటాం. ఇంటి ఖర్చుకు చీటీ ఉంది, బండి ఖర్చుకు అప్పు ఉంది. ఈ విభజనే తప్పని నా అభిప్రాయం. ఆ బండిలో కూర్చునేది మన మనుషులు అయినప్పుడు దాని టైరు మన బియ్యం, పప్పుతో సమానమే.

అందుకే ఇప్పుడు ప్రతి ట్రిప్పు డబ్బులోంచి కొంత తీసి వేరే డబ్బాలో వేస్తున్నాను. మా తోడికోడలు లెక్క రాస్తుంది. ఏడాదికి రెండు టైర్ల డబ్బు పోగవుతుంది. ముందుకు కొత్తవి వస్తాయి, ముందున్నవి ఇంకా మంచిగా ఉండగానే వెనక్కి పోతాయి. ఒకేసారి లక్ష వెతుక్కునే పని లేదు. ఇది ఆడవాళ్ళకు చేతకాని పనా? చీటీలు, పొదుపు సంఘాలు నడిపే మనకు ఇదొక లెక్కేనా?

లారీ లేని ఇళ్ళవాళ్ళకు కూడా ఒక మాట. మన పశ్చిమ ప్రాంతం నుంచి ఎంతమంది ఆడవాళ్ళు సుగ్గికి పోతారో మీకు తెలుసు. పత్తి తీతకు, మిరప కోతకు పిల్లల్ని, గిన్నెల్ని, బియ్యం మూటల్ని వేసుకొని గుంటూరు వైపు బండ్లు ఎక్కుతారు. కలుపు రోజుల్లో పొద్దున్నే ఆటోల్లో, ట్రాలీల్లో కిక్కిరిసి పోతారు. బండి ఎక్కే ముందు కూలి ఎంత అని అడుగుతాం, తిరిగి ఎప్పుడు తెస్తావని అడుగుతాం. టైరు వైపు ఒక్కసారి కూడా చూడం. అడిగితే డ్రైవరు నవ్వుతాడేమో, మేస్త్రీ కసురుతాడేమో అని భయం. ఒక్కరు అడిగితే నవ్వుతారు, పదిమంది కలిసి "గుండు టైర్ల బండి ఎక్కం" అంటే ఇంకో బండి తెస్తారు. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించేటప్పుడు కూడా కిందికి వంగి ఒకసారి చూడండి. గాడి కనిపిస్తోందా లేదా అని చూడటానికి చదువు అక్కర్లేదు.

మా మరిది ఇప్పుడు మళ్ళీ బండి నడుపుతున్నాడు. చలికాలంలో కాలు లాగుతుందని అంటాడు. పోయిన వారం గుంటూరు లోడుకు బయలుదేరే ముందు నన్ను పిలిచి, "వదినా, అగ్గిపుల్ల తెస్తివా?" అన్నాడు నవ్వుతూ. తెచ్చాను. ముందు రెండూ కొలిచాను. ఇంకా సగానికి పైనే ఉన్నాయి. మా తోడికోడలు నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది.

మా చిన్నమ్మాయి ఫంక్షన్ వచ్చే ఏడు ఉండవచ్చు. ఇంట్లోనే, మా వాకిట్లో చేద్దామని అనుకున్నాం. స్వీటు ఒకటే పెడతాం.